ఇచ్చింది ఎవరు? నింపింది ఎవరు?

సంతోష్‌నగర్‌లో మా సంఘానికి ఉన్న చిన్న గదిలో ఈ మధ్య ఒక అధ్యయన తరగతి పెట్టుకున్నాం. విషయం 'స్త్రీలు, రాత, పత్రికలు'. ఇళ్లల్లో మిషను కుట్టే ఆడవాళ్లు, బస్తీల్లో పిల్లలకు చదువు చెప్పే వలంటీర్లు, నలుగురైదుగురు డిగ్రీ విద్యార్థినులు, పక్క సంఘాల కార్యకర్తలు వచ్చారు. ఒక అమ్మాయి జపాన్‌లో 1911లో ఆడవాళ్లు నడిపిన 'సెయితో' అనే సాహిత్య పత్రిక గురించి చక్కగా తయారై వచ్చి మాట్లాడింది. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో వెనక కూర్చున్న ఒకామె లేచి, "జపాన్ సంగతి బాగానే ఉందక్కా, మన దగ్గర అప్పట్లో ఆడవాళ్లు పత్రికలు పెట్టలేదా?" అని అడిగింది. ఆమె పక్కనున్నామె "ఉర్దూలో కూడా చెప్పండి ఆపా" అని అందుకుంది. మాట్లాడిన అమ్మాయి కాసేపు తడుముకుని, "మన దగ్గర సంస్కర్తలు పెట్టి ఇచ్చారు" అంది.

పెట్టి ఇచ్చారు! ఈ రెండు మాటలే నన్ను ఈ వ్యాసం రాయించాయి. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమె చదువుకున్న పాఠాల్లో, మన సాహిత్య చరిత్రల్లో, చివరికి మన స్త్రీల సంఘాల కరపత్రాల్లో కూడా ఈ కథే ఉంది. చదువు సంస్కర్తలు ఇచ్చారు, పత్రిక సంస్కర్తలు ఇచ్చారు, కలం సంస్కర్తలు ఇచ్చారు. ఆడవాళ్లు పుచ్చుకున్నారు. ఈ ఇచ్చిపుచ్చుకునే చరిత్రను మనం ఎంతకాలం మోస్తాం?

సెయితో పేరు మనకు తెలిసింది, సుందరి పేరు తెలియలేదు

ముందు జపాన్ సంగతే చూద్దాం. హిరత్సుక రాయిచో అనే యువతి మరో నలుగురు స్త్రీలతో కలిసి 1911 సెప్టెంబరులో టోక్యోలో 'సెయితో' పత్రిక మొదలుపెట్టింది. మొదటి ఖర్చుకు డబ్బు ఇచ్చింది ఆమె తల్లి. కూతురి పెళ్లికని దాచిన సొమ్ము పత్రికకు పెట్టుబడి అయింది. కట్నం డబ్బుతో ఇంకేం చేయొచ్చో ఆలోచించడానికి మనకు ఇదొక్క ఉదాహరణ చాలు. అప్పటికి జపాన్‌లో 1900 నాటి పోలీసు చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం ఆడవాళ్లు రాజకీయ సభలకు వెళ్లకూడదు, పార్టీల్లో చేరకూడదు. సభకు పోవడానికి వీల్లేని కాలంలో వాళ్లు సాహిత్యాన్ని సభగా మార్చుకున్నారు. పెళ్లి, శీలం, గర్భస్రావం, వ్యభిచార వృత్తి వంటి విషయాల మీద ఆ పత్రికలో ఆడవాళ్లు తమలో తాము వాదించుకున్నారు. ప్రభుత్వం 1912, 1913, 1915 సంవత్సరాల్లో కొన్ని సంచికల్ని నిషేధించింది. 1915లో ఇతో నోయే అనే ఇరవై ఏళ్ల యువతి బాధ్యత తీసుకుంది. 1916 ఫిబ్రవరి తర్వాత పత్రిక ఆగిపోయింది. 1923లో టోక్యో భూకంపం తర్వాతి గందరగోళంలో నోయేను మిలిటరీ పోలీసులు చంపేశారు. ఆడవాళ్లు రాజకీయ సభలకు వెళ్లకూడదన్న నిబంధన 1922లోగాని సడలలేదు.

ఇంత చరిత్ర ఉన్న పత్రికను గుర్తు పెట్టుకోవాల్సిందే. కానీ ఒక విషయం గమనించండి. పత్రిక పెట్టమని రాయిచోకు సలహా ఇచ్చింది ఇకుతా చోకో అనే పురుషుడు. 'నీలి మేజోళ్లు' అని అర్థం వచ్చే ఆ పేరు సూచించిందీ ఆయనే. అయినా ప్రపంచంలో ఎవరూ 'సెయితో'ను ఇకుతా చోకో స్త్రీలకు ఇచ్చిన పత్రిక అనరు. రాయిచో పత్రిక అంటారు, నోయే పత్రిక అంటారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 'సెయితో' కంటే తొమ్మిదేళ్ల ముందు, 1902లో, ఏలూరు నుంచి 'హిందూ సుందరి' వచ్చింది. స్థాపించింది సత్తిరాజు సీతారామయ్య. సంపాదకులుగా మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయి పనిచేశారు. తర్వాత పత్రిక కాకినాడకు చేరి మాడభూషి చూడమ్మ, కళ్ళేపల్లె వెంకట రమణమ్మల చేతుల్లో నడిచింది. చేతులు మారుతూ దశాబ్దాల పాటు బతికింది. నాలుగున్నరేళ్లు నడిచిన 'సెయితో' మనకు తెలుసు, దశాబ్దాలు నడిచిన 'హిందూ సుందరి' తెలియదు. తెలిసినవాళ్లకు కూడా సీతారామయ్య పేరే ముందు గుర్తొస్తుంది. ఆ నలుగురు సంపాదకుల పేర్లు ఎంతమంది చెప్పగలరు? ఈ పత్రిక చదివే మనలో ఎంతమందిమి చెప్పగలం?

సీతారామయ్య చేసిన పని చిన్నదని నేను అనడం లేదు. అంతకుముందు 1883లో కందుకూరి వీరేశలింగం 'సతీహితబోధిని' తెచ్చారు. 1893లో మొదలైన 'తెలుగు జనానా'ను రాయసం వెంకటశివుడు నడిపారు. ఆ పనులకు దక్కాల్సిన గౌరవం దక్కింది, విగ్రహాలూ లేచాయి. నా ప్రశ్న వేరు. పత్రిక అంటే రిజిస్టరు చేసిన మనిషా, అచ్చేసిన ప్రెస్సా? లేక నెలనెలా ఆ పేజీల్ని నింపిన మనుషులా? వంటిల్లు సర్దుకుని, పసిపిల్లను పక్కన పడుకోబెట్టుకుని, పోస్టుకు అణా సంపాదించుకుని, 'మా వూరిలో స్త్రీ సమాజము పెట్టితిమి' అని రాసి పంపిన ఆడవాళ్లదా ఆ పత్రిక, కాదా?

మొదటి కథ ఎవరిదన్న గొడవ ఊరికే కాదు

2010లో తెలుగు కథకు నూరేళ్లు నిండాయని సభలు జరిగాయి. లెక్క ఎక్కడి నుంచి? 1910లో 'ఆంధ్ర భారతి'లో వచ్చిన గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' నుంచి. భండారు అచ్చమాంబ రాసిన 'ధన త్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి'లో అచ్చయింది. అంటే ఎనిమిదేళ్ల ముందు. అచ్చమాంబ కథల్ని వెతికి తీసి పుస్తకాలు వేసినవాళ్లు, వాదించినవాళ్లు ఉన్నారు. వాళ్ల శ్రమ వల్లనే ఈ మాత్రమైనా మాట్లాడగలుగుతున్నాం. అయినా సభల్లో వినిపించే జవాబు మారలేదు. 'అది కథే గానీ ఆధునిక కథ కాదు, అందులో నీతిబోధ ఎక్కువ' అంటారు.

సరే, రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 'దిద్దుబాటు'లో చదువుకున్న భార్య కమలిని, సానుల పాట కచేరీలకు తిరిగే భర్తను ఉపాయంతో దారికి తెస్తుంది. 'ధన త్రయోదశి'లో పండగ పూట ఇంట్లో డబ్బు లేక భర్త తన యజమాని సొమ్ము తీసుకొస్తే, భార్య దాన్ని ముట్టుకోనని చెప్పి తిరిగి ఇప్పిస్తుంది. రెండింట్లోనూ భార్యే భర్తను దిద్దుతుంది. మగ రచయిత రాస్తే అది సంస్కరణ, స్త్రీ రాస్తే అది నీతిబోధ! ఒకే సరుకుకు రెండు తూకాలు. వాడుక భాష విషయంలో గురజాడ చేసింది పెద్ద పనే, దాన్ని కాదనేవాళ్లెవరూ లేరు. కానీ 'మొదటి' అనే మాటకు తేదీ కాక ఇంకేదో కొలబద్ద కావలసి వచ్చినప్పుడల్లా ఆ కొలబద్ద ఎవరి చేతిలో ఉందో అడగాల్సిన బాధ్యత మనది.

అచ్చమాంబ జీవితం చూస్తే 'ఇచ్చారు' అన్న మాట ఎంత బోలుగా ఉందో తెలుస్తుంది. ఆమె 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. పదేళ్లకే పెళ్లి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. తెలుగు దేశానికి దూరంగా మధ్య పరగణాల్లో కాపురం ఉంటూ హిందీ, మరాఠీ వంటి భాషలు చదివింది. పిల్లలు దక్కలేదు. ఆ దుఃఖంలోనే భారతదేశపు స్త్రీల చరిత్రల్ని పోగు చేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1901లో మొదటి భాగం వచ్చింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో 'బృందావన స్త్రీ సమాజం' ఏర్పాటు చేసింది. ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. 1905లో ముప్పై ఏళ్లకే కన్నుమూసింది. తమ్ముడు విజ్ఞాన సర్వస్వ నిర్మాతగా మనకు గుర్తున్నాడు. స్త్రీల చరిత్రకు సర్వస్వం తలపెట్టిన అక్కకు మాత్రం 'లక్ష్మణరావు గారి సోదరి' అన్న గుర్తింపే చాలాకాలం మిగిలింది.

ఇక్కడ మరో సంగతి చూడాలి. సమాజాలు, పత్రిక వేర్వేరు పనులు కావు. సమాజంలో చదివిన ఉపన్యాసం పత్రికకు వెళ్లేది. పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఇంకో ఊరి సమాజంలో ఒకామె చదువుతుంటే చదువు రానివాళ్లు కూర్చుని వినేవాళ్లు. ఒక ఊళ్లో సమాజం పెట్టారని చదివి ఇంకో ఊళ్లో పెట్టుకునేవాళ్లు. ఈనాడు మనం నెట్‌వర్కింగ్ అంటూ ప్రాజెక్టు రిపోర్టుల్లో రాసుకుంటున్నది ఇదే కదా? ఫండింగు లేకుండా, ఫోను లేకుండా, చాలాసార్లు గడప దాటే స్వేచ్ఛ కూడా లేకుండా వాళ్లు చేశారు.

'అవన్నీ పాతివ్రత్యం పాఠాలే కదా!'

మన కార్యకర్తల్లోనే కొందరు ఈ మాట అంటారు. 'ఆ పత్రికలు పతిభక్తి, గృహకృత్యాలు, మంగళహారతులు. వాటిని మనం నెత్తిన పెట్టుకోవాలా?' అని. ఈ అభ్యంతరాన్ని తీసిపారేయకూడదు. ఆ పేజీల్లో పాతివ్రత్యం ఉంది, దండిగా ఉంది. కాకినాడ నుంచి 'సావిత్రి' పత్రిక నడిపిన పులుగుర్త లక్ష్మీ నరసమాంబ స్త్రీ విద్యకు గట్టిగా నిలబడుతూనే వితంతు వివాహాల విషయంలో వీరేశలింగాన్ని వ్యతిరేకించింది. ఆమెను ఏ గూట్లో పెడదాం? సంస్కర్తల పక్షాన లేదు కాబట్టి ఛాందసురాలని కొట్టేద్దామా? పత్రిక నడిపింది కాబట్టి స్త్రీవాది అని పొగుడుదామా?

రెండూ తప్పే. ఆమె చేసిన వాదన మనకు నచ్చకపోవచ్చు, నాకైతే నచ్చదు. కానీ 'స్త్రీల గురించి మీరు నిర్ణయిస్తే సరిపోదు, మేమూ మాట్లాడతాం' అని ఒక స్త్రీ ఆ రోజుల్లో ఆంధ్ర దేశంలో అందరికంటే పేరున్న సంస్కర్తతో అచ్చులో తగువు పెట్టుకుందంటే, అది హక్కుల చరిత్రలో భాగం కాదా? హక్కు అంటే సరైన మాట చెప్పే హక్కు మాత్రమే కాదు. తప్పు మాట చెప్పి, జవాబు పుచ్చుకుని, మళ్లీ వాదించే హక్కు కూడా. మగవాళ్ల పత్రికల్లో ఛాందసులూ సంస్కర్తలూ కొట్టుకుంటే దాన్ని 'భావ సంఘర్షణ' అంటాం. ఆడవాళ్లు కొట్టుకుంటే 'వెనకబాటుతనం' అంటాం!

తర్వాతి కాలం చూడండి. 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' తెచ్చారు. పేరు చూస్తే ఇల్లాలి పత్రిక. కానీ అందులోనే కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' ఏళ్ల తరబడి రాసింది. శారద తన నేస్తానికి రాసే ఉత్తరాల రూపంలో, బాల్య వివాహాల్ని అడ్డుకునే 1929 నాటి శారదా చట్టాన్ని సమర్థించింది, విడాకుల హక్కు గురించి మాట్లాడింది. పొయ్యి దగ్గరి కబుర్ల మధ్యలో చట్టం వచ్చి కూర్చుంది. జపాన్ స్త్రీలకు సాహిత్యం ఎలా సభ అయిందో, మనవాళ్లకు వంటింటి ఉత్తరం అలా సభ అయింది. అట్ట మీది పేరు చూసి పత్రికను పక్కన పెట్టేవాళ్లకు ఈ సభ ఎప్పటికీ వినపడదు.

లోపలికి రానివ్వనివాళ్లు

మరి ఆ పేరులోని 'హిందూ' సంగతి? ఈ ప్రశ్నను పాతబస్తీలో కూర్చుని తప్పించుకోలేను, తప్పించుకోకూడదు. ఆ తొలినాటి పత్రికల్లో రాసినవాళ్లు ఎక్కువమంది అగ్రకులాల ఇళ్ల స్త్రీలు. పొలంలో పనిచేసే ఆడవాళ్లు వాటిలో రచయితలుగా కనిపించరు. కళావంతుల స్త్రీలు కనిపిస్తే సంస్కరించవలసిన సమస్యగానే కనిపిస్తారు. ఆ స్త్రీలు రాయలేకనా? 1910లో బెంగళూరు నాగరత్నమ్మ, ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి అచ్చు వేయించింది. స్త్రీ రాసిన శృంగారం అశ్లీలమైతే మగ కవుల శృంగారం సంగతేమిటని నిలదీసింది. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. 'సెయితో' మొదలైన సంవత్సరమే మన దగ్గర ఈ పని జరిగింది. ముద్దుపళనిని దుయ్యబట్టినవాళ్లలో స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన వీరేశలింగం ఉన్నారు. 'ఇచ్చేవాళ్లు' ఎవరికి ఇస్తారో, ఎవరికి ఇవ్వరో ఇంతకంటే స్పష్టంగా ఏం కావాలి?

ఇక ఉర్దూ. మా గదిలో ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది. ఈ నగరం నుంచే 19వ శతాబ్దం చివర్లో ముహిబ్ హుసేన్ 'ముఅల్లిమ్-ఎ-నిస్వాన్' పత్రికను నడిపాడు. పర్దా పద్ధతిని విమర్శించి పెద్ద దుమారాన్ని ఎదుర్కొన్నాడు. తర్వాత సుగ్రా హుమాయూన్ మీర్జా హైదరాబాదు నుంచి 'అన్నిసా' పత్రికకు సంపాదకురాలైంది, నవలలు రాసింది, ఆడపిల్లలకు బడి పెట్టింది. ఏలూరు, కాకినాడల్లో తెలుగు స్త్రీలు చేస్తున్న పనినే మూసీ ఒడ్డున ఉర్దూ స్త్రీలు చేశారు. తెలుగు స్త్రీవాదులం రాసుకున్న చరిత్రల్లో వాళ్లకు ఒక పేరా కూడా ఇవ్వలేదు. మనల్ని సాహిత్య చరిత్రకారులు అనుబంధంలో పెట్టారని కోప్పడుతున్నాం, మనం మన పొరుగింటి ఆడవాళ్లను అనుబంధంలో కూడా పెట్టలేదు. సంతోష్‌నగర్‌లో ఒకే మెట్ల మీద కూర్చుని ఒకామె తెలుగులో, ఒకామె ఉర్దూలో ఒకే రేషను కార్డు కష్టం చెప్పుకుంటారు. వాళ్ల అమ్మమ్మల పత్రికలు మాత్రం రెండు వేరు వేరు ప్రపంచాల్లో ఉన్నట్లు మనం రాస్తున్నాం.

ఆ పాత పత్రికల్ని చదవమని నేను అడుగుతున్నది వాటికి హారతి పట్టడానికి కాదు. ఎవరు రాశారో, ఎవర్ని రానివ్వలేదో రెండూ తెలుసుకోవాలంటే ముందు ఆ కాగితం మన చేతిలో ఉండాలి.

కాగితం మన చేతిలో ఉందా?

నా పరిశోధన రోజుల్లో ఒక గ్రంథాలయంలో ఒక పాత స్త్రీల పత్రిక సంచికలు అడిగాను. మూడు రోజులు తిప్పుకుని, నాలుగో రోజు ఒక గోనెసంచి తెచ్చి ముందు పెట్టారు. కట్టు విప్పితే అట్టలు అప్పడాల్లా విరిగిపోయాయి. "ఆడవాళ్ల పుస్తకాలు కదమ్మా, బైండింగుకు రాయలేదు" అన్నాడు అక్కడి ఉద్యోగి, ఏ దురుద్దేశమూ లేకుండా. నిషేధించడానికి పోలీసులు కావాలి. నశింపజేయడానికి ఆ ఒక్క మాట చాలు.

కానీ వేలు ఎదుటివాళ్ల వైపే చూపిస్తే ఎలా? 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో చెరువులు పొంగి బస్తీలు మునిగినప్పుడు మా గదిలోకీ నీళ్లు వచ్చాయి. బియ్యం, దుప్పట్లు పైన పెట్టాం. అది సరైన పనే, మనుషుల తర్వాతే కాగితాలు. కానీ నీళ్లు తీశాక చూస్తే, ముప్పై ఏళ్లుగా మా సంఘం వేసిన కరపత్రాలు, బులెటిన్లు, సారా వ్యతిరేక ఉద్యమం నాటి పోస్టర్లు కింది అరలో ముద్దయిపోయి ఉన్నాయి. వాటికి రెండో కాపీ ఎక్కడా లేదు. ఏటా ఆడిట్‌కు రసీదులు జాగ్రత్త చేశాం, మన మాటలు జాగ్రత్త చేసుకోలేదు. రేపు ఎవరో వచ్చి 'తొంభైల్లో స్త్రీల ఉద్యమాన్ని ఫలానా నాయకుడు నడిపించాడు' అని రాస్తే కాదనడానికి మన దగ్గర ఏం రుజువు ఉంటుంది? 1902లో రాసిన ఆడవాళ్లకు జరిగిందే మనకూ జరుగుతుంది. ఈసారి నేరం మనది.

అందుకే కొన్ని పనులు మన సంఘాలన్నిటి ముందూ పెడుతున్నాను. ఒకటి, ప్రతి సంఘం తన పత్రికల, కరపత్రాల పూర్తి వరసను కనీసం మూడు చోట్ల ఉంచాలి. రాసినవాళ్ల పేరు, ఊరు, తేదీ లేకుండా ఏదీ అచ్చు వేయకూడదు, పేరు బయటపెడితే ప్రమాదమున్న స్త్రీల విషయంలో తప్ప. రెండు, మీ జిల్లాల్లో పాత స్త్రీ సమాజాల మినిట్సు పుస్తకాలు, ఇళ్లల్లో అటకల మీద పడి ఉన్న 'హిందూ సుందరి', 'గృహలక్ష్మి', 'అన్నిసా' సంచికలు వెతకండి. ఫోటో తీయడానికి ఇప్పుడు చేతిలోని ఫోను చాలు. మూడు, కొన్ని పాత పత్రికల్ని స్కాన్ చేసి పెట్టిన ప్రయత్నాలు ఉన్నాయి, అవి మిగతా పత్రికలకు కూడా సాగాలని, అందరికీ ఉచితంగా అందాలని ప్రభుత్వాన్నీ విశ్వవిద్యాలయాల్నీ అడగాలి. ఇది ప్రజాధనంతో జరగాల్సిన పని, ఎవరి దయా కాదు. నాలుగు, తెలుగు సంచిక ఉర్దూ చదివేవాళ్లకు, ఉర్దూ సంచిక తెలుగు చదివేవాళ్లకు చదివి వినిపించే తరగతులు పెట్టుకోవాలి. అయిదు, పాఠ్యపుస్తకాల్లో తొలి తెలుగు కథ గురించి చెప్పేచోట అచ్చమాంబ పేరు, 1902 అన్న సంవత్సరం ఉండాలి. ఫుట్‌నోటులో కాదు, పాఠంలో.

వచ్చే తరగతికి మా గదిలో 'ధన త్రయోదశి' చదువుతున్నాం. చదివేది ఆ రోజు 'పెట్టి ఇచ్చారు' అన్న అమ్మాయే. ఆమె తర్వాత, ఉర్దూలో అడిగినామె సుగ్రా హుమాయూన్ మీర్జా గురించి తన భాషలో చెబుతుంది. మీ ఊళ్లోనూ మొదలుపెట్టండి. ఏ ఇంటి అటక మీద ఏం దొరికిందో ఈ పత్రికకు రాయండి. నూట ఇరవై ఏళ్ల కిందట 'మా వూరిలో సమాజము పెట్టితిమి' అని రాసి పంపిన ఆడవాళ్లకు మనం బాకీ ఉన్న జవాబు అదే.